చూరు కింద సందు

కార్తీకంలో వచ్చిన తుఫాను తోటలోని ముసలి చిన్నరసం మామిడి చెట్టునొకదాన్ని వేళ్ళతో సహా పెళ్ళగించి పడేసింది. మంచి మానంతా తోట ఆసామి బండ్ల మీద నూజివీడు వెళ్ళిపోయింది. వంకర కొమ్మలూ మొదలు దుంపా సాంబయ్యను తీసుకోమన్నారు. అతను వాటిని గోతిలో పేర్చి, పైన పచ్చాకూ మట్టీ కప్పి, మంట పైకి రానీయకుండా కాల్చి బొగ్గు చేశాడు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు అది. కిరసనాయిలుకు కంట్రోలు, బట్టకు కంట్రోలు. బొగ్గు ఒక్కటే వాళ్ళకు కావలసినంత దొరికింది.

ఆ బొగ్గంతా పుట్టబోయే బిడ్డ కోసం.

సాంబయ్య ఇల్లు చాట్రాయి దాటాక మెరక మీద, మామిడి తోట నడుమ ఉంది. తోటకు కాపలా అతనే, అంట్లు కట్టేదీ అతనే. తాటాకు కప్పు, తాటిమట్టల దడికి మట్టి మెత్తిన గోడలు, ఒక్కటే గది, ముందు ఒక వసారా. తోటలో చలి ఊళ్ళో చలి లాంటిది కాదు. పొద్దెక్కినా ఎండ నేలకు దిగదు. ఆకుల మీద పట్టిన మంచు రాత్రంతా కప్పు మీద బొట్లు బొట్లుగా రాలుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఇద్దరూ మగపిల్లలే, ఇద్దరూ చలికాలంలోనే. మొదటివాడు చలికి డొక్కలెగరేసి పోయాడు. రెండోవాడికి అలా కాకూడదని గదిలో రాత్రంతా కట్టెలు మండించారు. వాడు పొగకు దగ్గి దగ్గి పోయాడు.

ఇప్పుడు మంగమ్మకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి చలీ రాకూడదు, పొగా రాకూడదు. అత్త వెంకాయమ్మ పగలంతా ఆ రెండు మాటలే అనుకునేది.

ఒకనాడు మధ్యాహ్నం సాంబయ్య తట్టతో మట్టి మోసుకొచ్చి వసారా ముందు గుమ్మరించాడు. వెంకాయమ్మ పాత చీరలు నాలుగు మడతలు పెట్టి దబ్బనంతో బొంత కుడుతోంది. మంగమ్మ పక్కన కూర్చుని అంచులు పట్టుకుని ఉంది.

“ఇదేంటి మావా, అంటు మట్టి ఇంటికి తెచ్చావు?” అంది మంగమ్మ.

“అంట్లన్నీ అతుక్కున్నాయి, చెట్ల నుంచి కోసేశాం. ఇంకెందుకది తోటలో.”

వానాకాలంలో కుండీల్లో మొక్కల్ని తల్లిచెట్టు కొమ్మల పక్కకు చేర్చి, మొక్కనీ కొమ్మనీ కాస్త చెక్కి, చెక్కిన చోట రెంటినీ అదిమి అరటినారతో చుడతారు. పైన మెత్తేది ఈ మట్టే. చెరువు జిగట మట్టి, ఆవుపేడ, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి తొక్కి మాగబెట్టిన మట్టి. ఎండినా బీట తీయదు. సాంబయ్య కట్టిన అంటు చచ్చిందన్న మాట ఆ చుట్టుపక్కల వినపడదు. ఎలాగని ఎవరడిగినా అతను చెప్పేది ఒక్కటే: గాలి దూరనివ్వను.

“అంటుకి మెత్తినట్టు ఇంటికి మెత్తుతావా?” అంది మంగమ్మ. “రేపు నన్నూ నారేసి చుట్టేట్టున్నావు.”

“నువ్వు కదలకుండా ఉంటానంటే చుడతా.”

“చిగురేస్తే అమ్ముకుందామనా?”

“నిన్నెవరు కొంటారే, నోరున్న అంటుని.”

వెంకాయమ్మ దారం కొరికి ఉమ్మింది. “మీ సరసాలు తర్వాత. ముందా పడమటి మూల చూడరా. వేలు దూరేంత బీట ఉంది.”

సాంబయ్య పడమటి మూలతో మొదలుపెట్టాడు. అంటు కట్టేటప్పుడు ఎంత ఓపికో అంత ఓపికగా పని చేశాడు. బీటలో ముందు తడి పీచు కూరడం, పైన మట్టి అదమడం, బొటనవేలితో నున్నగా రుద్దడం. గోడలయ్యాక చూరు పట్టుకున్నాడు.

తాటాకు ఇంటికి గోడ పైన, చూరు కింద, జానెడు సందు ఉంటుంది. అది ఎవరూ పనిగట్టుకుని పెట్టేది కాదు, పనిగట్టుకుని మూసేదీ కాదు. పొయ్యి పొగ అందులోంచే పోతుంది, పిచ్చుకలు అందులోంచే వస్తాయి. చలిగాలి కూడా అందులోంచే దిగుతుంది. సాంబయ్య ఆ సందు పొడుగునా గడ్డి చుట్టలు దోపి, రెండు వైపులా అంటు మట్టి మెత్తాడు. పొయ్యిని వసారాలోకి మార్చాడు. తడిక తీసేసి, బొగ్గు చేయకుండా మిగిల్చిన లావు కొమ్మల పలకలతో తలుపు చేయించి, దాని అంచులకు గోనెపట్టా మడిచి కొట్టాడు. పని పూర్తయ్యాక తలుపు వేసుకుని లోపల నిలబడి చూశాడు. పట్టపగలు, సూదిమొనంత వెలుతురు కూడా రాలేదు.

“దా అమ్మా, చూడు” అని తల్లిని పిలిచాడు.

వెంకాయమ్మ లోపలికి వెళ్ళి, చీకట్లో రెండు చేతులూ చాపి నిలబడింది. గాలి ఆడలేదు. చనిపోయిన పిల్లలిద్దరూ గుర్తొచ్చారేమో, బయటికొచ్చి ముక్కు చీదుకుంది. “ఈ బుద్ధి అప్పుడే పుట్టుంటే” అంది.

మంత్రసాని లేయా, ఊరికి ఎడంగా ఉన్న పల్లె నుంచి వచ్చి మంగమ్మ కడుపు చూసి వెళ్ళేది. కాన్పు చేసేటప్పుడు ఆమె చెయ్యి కావాలి. కాన్పయ్యాక ఆమె నిలబడిన చోట వెంకాయమ్మ పేడనీళ్ళు చల్లేది. అది లేయాకూ తెలుసు. అందుకని మామూలప్పుడు వాకిట్లోనే నిలబడి మాట్లాడేది. ఆ వేళ చూరు వంక చాలాసేపు చూసింది.

“సందు మూసేశారేంటండీ?”

“చలి రాకుండా” అంది వెంకాయమ్మ.

“మరి పొగెటు పోద్దండి?”

“పొగే లేదు. కట్టెలు కాదు, బొగ్గులు. పొగ పిల్లాడి గుండెల్లో పడిందని అప్పుడు నువ్వే కదా అన్నావు.”

“అన్నానండి.” లేయా కొంగు సర్దుకుంది. “పొగ లేకపోయినా నిప్పుకంటూ ఓ దారి ఉండాలి గదండీ. మా ఇళ్ళు జల్లెడల్లే ఉంటాయి. వణుకుతాం గానీ...” ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమెకూ తెలియలేదు.

“మీవి జల్లెడలైతే మాదీ జల్లెడ చేసుకోమంటావా?”

లేయా నవ్వేసింది. “నేనెందుకంటానండీ. కాన్పు చెయ్యమంటే చేస్తాను. ఇల్లు కట్టమంటే నాకేం వచ్చు.”

మార్గశిరం మొదట్లోనే మంగమ్మ ప్రసవించింది. తలుపు అవతల నుంచి లేయా “ఆడపిల్లండీ” అని చెప్పింది.

“ఏదైతేనేం. ఏడ్చిందా?” అన్నాడు సాంబయ్య.

“వినపడలేదాండీ? తోటంతా లేపింది.”

పేరు పెట్టలేదు. పోయిన ఇద్దరికీ పుట్టగానే పేర్లు పెట్టుకుని పిలుచుకున్నారు. ఈసారి చలికాలం దాటాక చూద్దామన్నాడు సాంబయ్య. అంతవరకూ పిల్ల అంటే పిల్లే.

గదిలో నులక మంచం వేశారు. దాని కింద కుంపటి. పొద్దుగూకేసరికి వెంకాయమ్మ బయట బొగ్గులు రాజేసి, ఎర్రగా కణకణలాడేటప్పుడు లోపల పెట్టి తలుపు వేసేది. తన దుప్పటి కూడా కోడలి మీదే కప్పింది. తను మాత్రం వసారాలో, తలుపు పక్కనే, గోనెసంచులు కప్పుకుని పడుకునేది. వసారా అవతలి కొసన సాంబయ్య పడక. నడిరేయి ఒకసారి లేచి కుంపట్లో బొగ్గులు వేసి వచ్చేది. చలికి ఆమె కాళ్ళు పగిలి రక్తం కారేవి. ఆముదం రాసుకుంటూ, “నా కాళ్ళకేం, చూసినన్నాళ్ళు చూశాయి” అనేది.

పిల్ల దగ్గలేదు. ముక్కు కారలేదు. డొక్కలెగరేయలేదు. మార్గశిరం సగం గడిచింది. పెద్దవాడు ఈ వయసుకి గురగురలాడుతూ ఉన్నాడని వెంకాయమ్మ లెక్క చూసుకునేది. సాంబయ్య పొద్దున్నే చూరు చుట్టూ తిరిగి, ఎక్కడైనా మట్టి వదిలిందేమో చేత్తో తడిమి చూసి గానీ తోటలోకి వెళ్ళేవాడు కాదు.

మంగమ్మకు మాత్రం పొద్దున లేస్తే తల పగిలిపోయేది. లేచి కూర్చుంటే కళ్ళు తిరిగేవి. బాలింతలకిచ్చే కాయం ముద్ద నోట్లో పెట్టుకుంటే వాంతయ్యేది.

“అత్తా, కాసేపు తలుపు తెరిచి ఉంచు” అంది ఒకరోజు.

“బాలింతవి. చెవుల్లో గాలి దూరితే అదే తలనొప్పి. పత్తి పెట్టుకోమంటే తీసి పారేస్తున్నావు.”

“గాలి దూరి కాదత్తా. గాలాడక.”

“గాలాడితే ఏమయిందో రెండుసార్లు చూశాం” అంది వెంకాయమ్మ.

ఆ రెండుసార్లూ మంగమ్మ కూడా చూసింది. పిల్లాడి డొక్కలు లోపలికి పోయి బయటికి వస్తుంటే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆమే. పత్తి తీసుకుని చెవుల్లో పెట్టుకుంది. ఆ రాత్రి వెంకాయమ్మ కుంపట్లో బొగ్గులు మరికాస్త ఎక్కువ వేసింది. తలనొప్పి చలివల్లే కదా.

పగలు కుంపటి తీసేసి తలుపు ఓరగా వేసినప్పుడు మంగమ్మ తల తేలికపడేది. మధ్యాహ్నానికి మనిషి మామూలుగా మాట్లాడేది, పరాచికాలాడేది. అది చూసి వెంకాయమ్మ, “రాత్రి వెచ్చగా పడుకుంటోంది కదా, పగటికి వాతం సర్దుకుంటోంది” అని కొడుకుతో అంది. పిల్ల రాత్రిళ్ళు ఏడవడం కూడా తగ్గించింది. పాలకు లేవడం తగ్గించింది.

“బంగారు తల్లి. రాత్రంతా ఒక్క కూత లేదు” అని వెంకాయమ్మ మురిసేది.

“పాలకు లేవట్లేదత్తా. నేను లేపినా లేవట్లేదు. వేలాడిపోతోంది.”

“వెచ్చగా ఉంటే ఎవరు లేస్తారే? నన్ను పడుకోబెట్టి చూడు ఆ గదిలో, నేనూ లేవను.”

ఆ సాయంత్రం మంగమ్మ బొంత కుట్టిన దబ్బనాన్ని మంచం పక్కన దాచుకుంది.

గోడకు కన్నం పడిందని ముందు కనిపెట్టింది సాంబయ్య. వేకువనే ఇంటి చుట్టూ తిరుగుతుంటే, వెనక గోడలో, మంచం ఎత్తున, చిటికెన వేలు పట్టేంత కన్నం. ఎలుకనుకున్నాడు. తడి మట్టి తెచ్చి పూడ్చేశాడు. మర్నాడు అదే చోట మళ్ళీ కనపడింది. ఎలుక మట్టిని అంత గుండ్రంగా తవ్వదు. లోపలికి వెళ్ళి అడిగాడు.

“నేనే” అంది మంగమ్మ. “దాని దగ్గర ముక్కు పెట్టుకుంటే తల తేలిగ్గా ఉంటోంది.”

“నీ తల తేలికకి పిల్లని చంపుతావా?”

అలాంటి మాట అతను ఎప్పుడూ అనలేదు. మంగమ్మ పిల్ల పెదాల మీద పాల చారిక తుడిచింది.

“అంటుకి ఇంతే మట్టి ఊడితే ఏమవుద్దో తెలుసా?” అన్నాడు సాంబయ్య, మెల్లగా. “ఇంతే. గోరంత. లోపల జిగురు ఆరిపోయిద్ది. పైకి పచ్చగానే కనపడుద్ది, నెల తర్వాత చూస్తే పుల్ల.”

“ఇది అంటు కాదు మావా. ఊపిరి తీసుకునేది.”

“ఊపిరికి గదిలో గాలి లేదా? ఎక్కడికి పోయిందా గాలి?”

ఆమెకు అదీ తెలియలేదు. గది నిండా గాలి ఉంది, పొగ లేదు, వెచ్చగా ఉంది, పిల్ల దగ్గట్లేదు. తన తలనొప్పి తప్ప చెప్పుకోడానికి ఇంకేమీ లేదు. “సరేలే, పూడ్చు” అంది. సాంబయ్య పూడ్చాడు. ఈసారి పీచు కూరి, రెండు చేతుల మట్టి పెట్టి, లోపలా బయటా బొటనవేలితో రుద్దాడు. వెనక గోడ దగ్గర ఒక పిడతలో తడి మట్టి ఎప్పుడూ ఉండేలా చూసుకున్నాడు.

పుష్యం వచ్చింది. మామిడి చెట్లకు పూత మొగ్గ కనపడే రోజులు. ఒకరోజు మబ్బు పట్టి విడిచిపోయాక చలి కొరకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కూడా మంచు విడలేదు. కోళ్ళు గంపలోంచి దిగలేదు. చాట్రాయిలో ఇద్దరు ముసలివాళ్ళు పోయారని దారిన పోయేవాళ్ళు చెప్పారు.

“ఇవాళ కుంపటి చాలదురా” అంది వెంకాయమ్మ.

పగిలిన కాగు అడుగు ఒకటి దొడ్లో పడి ఉంది. సాంబయ్య దాన్ని కడిగి తెచ్చాడు. కుంపటికి మూడింతలు బొగ్గు పట్టింది. అంత బొగ్గు వేస్తే తెల్లవారేదాకా ఉంటుంది, నడిరేయి తలుపు తెరిచి చలిని లోపలికి పంపే పని ఉండదు. ఇద్దరూ కలిసి ఎర్రటి నిప్పులున్న కాగు అడుగును గోనెలతో పట్టుకుని మంచం దగ్గర పెట్టారు. గదంతా ఎర్రబడింది.

మంగమ్మ గోడ వైపు జరిగింది. “పెళ్ళప్పుడు కూడా ఇంత వెలుగు పెట్టలేదు నాకు” అంది.

“పెళ్ళప్పుడు నీకు పిల్ల ఉందా ఏంటి” అన్నాడు సాంబయ్య.

వెంకాయమ్మ నవ్వి కోడలి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. పిల్లకు చెవుల మీదుగా గుడ్డ చుట్టింది. “ఈ నాలుగు రోజులు దాటించామంటే ఇంక భయం లేదే. మాఘం వస్తే ఎండ ముదురుద్ది” అంది.

“తెల్లారగానే తలుపు తియ్యి అత్తా.”

“తీస్తాలే.”

తలుపు వేసి, అంచుల్లో గోనెపట్టాను చేత్తో అదిమి, వెంకాయమ్మ తన సంచుల్లో దూరింది.

తెల్లవారినా తలుపు తీయలేదు. తీయాలనే లేచింది. కానీ బయట చేయి చాపితే చెయ్యి కనపడనంత మంచు ఉంది. లోపల చడీచప్పుడు లేదు. ఇద్దరూ హాయిగా నిద్రపోతున్నారు, ఈ మంచు కాస్త విడనీ అనుకుంది. పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టింది.

సాంబయ్య అలవాటు ప్రకారం ఇంటి వెనక్కి వెళ్ళాడు. గోడలో కన్నం. అదే చోట. ఈసారి చిన్నది కాదు, రెండు వేళ్ళు పట్టేంత. చుట్టూ మట్టి పెళ్ళలు బయటికి రాలి ఉన్నాయి. అతనికి ఒళ్ళు మండింది.

“మంగా, ఈ చలిలోనా” అన్నాడు గోడతో.

జవాబు లేదు. పిడతలోంచి చేతి నిండా తడి మట్టి తీసుకుని కింద కూర్చున్నాడు. కన్నానికి మట్టి అదమబోయి ఆగాడు. చేతికి వెచ్చటి ఊపిరి తగిలింది. వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. దాంతోపాటు పిల్లికూన మూలిగినట్టు సన్నటి శబ్దం. వంగి చూస్తే కన్నం అవతల, వేలెడు దూరంలో, పిల్ల నోరు.

మట్టి చేతిలోనే పట్టుకుని ఇంటి ముందుకు పరిగెత్తి తలుపు తోశాడు.

మంగమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిల్లను తనకూ గోడకూ మధ్య పెట్టుకుని, పిల్ల ముఖం కన్నానికి ఆనించి, తన వీపు గదికి అడ్డం పెట్టింది. ముఖం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. ఆ రంగు చూసి వెంకాయమ్మ ముందు ఊపిరి పీల్చుకుంది. “ఏమే, పొద్దెక్కింది, లే” అని భుజం పట్టి కదిపింది. భుజం కదిలిన తీరుకు ఆమె చెయ్యి వెనక్కి వచ్చేసింది. మంగమ్మ కుడిచేతిలో దబ్బనం ఉంది. వేళ్ళ గోళ్ళ నిండా ఎండిన అంటు మట్టి ఉంది. గట్టి మట్టి అది, పగలదు. గోళ్ళు రెండు లేచిపోయి ఉన్నాయి.

కాగు అడుగులో నిప్పులు బూడిద కప్పుకుని ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

చాట్రాయి నుంచి వచ్చినవాళ్ళు పుష్యమాసపు చలి అన్నారు. బాలింత గాలి సోకింది అన్నారు. గోడకు కన్నం చూసి, అందులోంచే చలి దూరి గుండెకు కొట్టిందన్నారు. ఒకాయన సాంబయ్య భుజం తట్టి, “నువ్వు చేయగలిగిందంతా చేశావురా. ఆ కన్నం ఒక్కటి పొడుచుకోకపోతే బతికేది” అన్నాడు. సాంబయ్య తల ఎత్తలేదు. అతని చేతిలో మట్టి ఎండిపోయి ఉంది. ఎవరూ కడుక్కోమనలేదు.

లేయా వాకిట్లోకి వచ్చి ఆగలేదు. నేరుగా గదిలోకి నడిచింది. చూరు చూసింది, కాగు చూసింది, గోడ కన్నం చూసింది. కాగును పట్టి బయటికి ఈడ్చేసి, వెంకాయమ్మ దగ్గరికి వచ్చి కింద కూర్చుంది.

“బొగ్గులో ఏదో ఉందండీ” అంది. “పొగలాగా కనపడదు, వాసన రాదు. బయటికి పోయే దారి లేకపోతే మనిషిని నిద్రలోనే పట్టేస్తది. ఆయమ్మకి తల నొప్పెట్టింది దాంతోనే. ఆ కన్నం లేకపోతే పిల్ల కూడా ఉండేది కాదు.”

“నువ్వప్పుడు చెప్పలేదేం?” అంది వెంకాయమ్మ. గొంతులో కోపం లేదు. అడిగిందంతే.

“నాకప్పుడు తెలిస్తే చెప్పేదాన్నండి. ఇప్పుడు ఈ మొహం చూస్తే తెలుస్తోంది.”

శవాన్ని తీసుకెళ్ళి వచ్చాక సాంబయ్య నిచ్చెన వేసుకుని చూరు ఎక్కాడు. అంటు మట్టిని గడ్డపారతో పొడిచి పొడిచి రాల్చాడు. గడ్డి చుట్టలు పీకి పారేశాడు. జానెడు సందు మళ్ళీ తెరుచుకుంది. దానితో ఆగలేదు. తలుపు ఊడదీసి ఎండలో పడేశాడు. మంచు లోపలికీ బయటికీ తిరగసాగింది. పిల్ల తుమ్మింది.

పిల్లకు పాలు లేవు. మేకపాలు పడితే కక్కేసింది. లేయా కోడలు అప్పుడు చంటిబిడ్డ తల్లి. “తీసుకురండి” అంది లేయా. వెంకాయమ్మ పిల్లను గోనెపట్టాలో చుట్టుకుని, ఎప్పుడూ అడుగుపెట్టని పల్లెలోకి నడిచి వెళ్ళింది. లేయా ఇంట్లో గోడలకు అరచెయ్యి పట్టే సందులు ఉన్నాయి. గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతోంది. మూల పొయ్యి పొగ కళ్ళలో పడుతోంది. ముగ్గురు పిల్లలు చీమిడి కార్చుకుంటూ, దగ్గుతూ, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి ఆడుతున్నారు. కోడలు ఏమీ అనకుండా చేతులు చాచింది. పిల్ల రొమ్ము పట్టుకుంది. వెంకాయమ్మ గోడకు ఆనుకుని, ఆ పిల్లలు దగ్గడం చూస్తూ కూర్చుండిపోయింది.

ఆ చలికాలమంతా పిల్ల దగ్గింది. రెండుసార్లు డొక్కలెగరేసింది కూడా. ఆ రాత్రులు వెంకాయమ్మ దాన్ని తన ఒంటికి కట్టుకుని కూర్చునేది. కుంపటి మాట ఎవరూ ఎత్తలేదు. పిందెలు చింతపిక్కంత అయ్యేవేళకు పిల్ల ఇంకా ఉంది. అప్పుడు పుల్లమ్మ అని పేరు పెట్టారు. ఎంగిలి విస్తరికి కుట్టిన పుల్ల పేరు, చావైనా ఆశపడదని పెట్టే పేరు.

వానలు పడ్డాక సాంబయ్య మళ్ళీ అంట్లు కట్టాడు. వేరే పని రాదు. ఆ ఏడు అతని చేతి కింద చాలా అంట్లు చచ్చాయి. మట్టి మెత్తి వదిలేయకుండా రోజూ విప్పి చూసేవాడని కూలీలు చెప్పుకున్నారు. ఆసామి కబురు పెట్టి కేకలేశాడు. సాంబయ్య విని వచ్చేశాడు.

కార్తీకం వెళ్ళింది. చలి మొదలవుతోంది. వెంకాయమ్మ ఎర్రమట్టి కలుపుకుని గోడలు అలకడం మొదలుపెట్టింది. లేయా వసారా అంచు మీద కూర్చుని వక్క నములుతోంది. ఇప్పుడామె అక్కడే కూర్చుంటుంది. వెంకాయమ్మ నీళ్ళు చల్లడం మానేసింది. పుల్లమ్మ గోడ పట్టుకుని అడుగులు వేస్తూ దగ్గుతోంది.

“మళ్ళీ పట్టుకున్నట్టుందండీ దగ్గు” అంది లేయా.

“పట్టుకోనీ” అంది వెంకాయమ్మ. “దగ్గు వినపడితే ఉన్నట్టేగా.”

అలుకుతూ అలుకుతూ వెనక గోడ దగ్గరికి వచ్చింది. మంచం ఎత్తున కన్నం అలాగే ఉంది. సాంబయ్య దాన్ని ముట్టుకోలేదు, ఆమె కూడా ముట్టుకోలేదు. తడిచేతిని దాని ముందు పెట్టింది. లోపలి నుంచి సన్నగా, చల్లగా గాలి వచ్చి అరచేతికి తగిలింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మట్టి ముద్ద తీసుకుని, కన్నం చుట్టూ చెయ్యి తిప్పి, దాని అంచు మూసుకుపోకుండా వేలితో సర్ది, పక్కకు జరిగి మిగతా గోడ అలికింది.